తలకిందుల గోడ

గాజులు తొడగడం రాని గాజులవాడు ఎంతసేపు దాగుతాడు? కృష్ణశిలా ద్వీపంలో అయితే రెండో వీధి మలుపు దాకా.

రత్నకూట రాకుమారుడు వసుకేతు మారువేషంలో లోటేమీ ఉంచలేదు. భుజాన గాజుల మలారం, తలకు మాసిన పాగా, పెదవి మీద జిగురుతో అంటించిన మీసం. అతని అక్క చారుహాసను ఎత్తుకుపోయిన మాంత్రికుడు ధూమ్రకేశుడి ఊరు ఇదే. గాజులవాణ్ణి అంతఃపురం గడప దాకా ఎవరూ ఆపరని అతని ఆలోచన. ఆలోచన మంచిదే. కాని అరుగు మీద కూర్చున్న ఇల్లాలొకతె "ఏదీ, ఆ పచ్చవి తొడుగు" అంటూ చెయ్యి చాచేసరికి, పరస్త్రీ చెయ్యి పట్టుకోవడం ఎలాగో తెలియని రాకుమారుడు రెండడుగులు వెనక్కి వేసి, గాజులు అరుగు మీద పెట్టి, చేతులు జోడించి, "తమరే తొడుక్కోండి తల్లీ" అన్నాడు.

ఆవిడ చాచిన చెయ్యి తీయకుండానే ఇంట్లోకి కేకేసింది.

"ఏమండోయ్, ఒక్కసారి ఇలా రండి! వీడెవడో గాజులు అరుగు మీద పెట్టి దండం పెడుతున్నాడు. గాజులమ్మేవాడో, గాజులకి మొక్కుకున్నవాడో మీరే తేల్చండి."

తేల్చడానికి మొగుడితోపాటు వీధి వీధంతా కదిలింది. వసుకేతు మలారం విసిరేశాడు. రంగురంగుల గాజులు రాళ్ల మీద దొర్లుకుంటూ పోయాయి, వాటి మీద కాలేసిన భటులు వాటి వెంటే దొర్లారు. అతను గోడెక్కాడు. గోడ మీంచి ఏనుగు మీదికి, ఏనుగు మీంచి గడ్డిబండిలోకి దూకాడు. గడ్డి కిందినుంచి, నడుముకు దాచుకున్న కత్తి దూసుకుని లేచేసరికి మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. అయినా ఎదురొచ్చిన వాళ్లను వచ్చినట్టే పడగొట్టుకుంటూ కోట వాకిలి దాకా వెళ్లాడు. అక్కడ నెత్తిన ఒక చల్లని నీడ పడింది. తలెత్తి చూస్తే గండభేరుండ పక్షి. దాని రెండు ముక్కులకూ చెరో అంచు పట్టించి ఒక ఇనుప వల. ఆ తర్వాత కత్తితో పనేమీ లేకపోయింది.

ద్వీపం నడిబొడ్డున, కాటుక కరిగించి పోతపోసినట్టు నిలబడి ఉంటుంది చీకటి బురుజు. దాని శిఖరాన పిట్ట వాలదు, దాని నీడ పడ్డ మేర గడ్డి మొలవదు. చుట్టూ ఉన్న కందకంలో మొసళ్లు దంతపు దువ్వెనల లాంటి నోళ్లు తెరుచుకుని, ఆకాశం నుంచి ఏదైనా రాలకపోతుందా అని ఎదురుచూస్తుంటాయి. కందకానికీ బురుజుకీ మధ్య విశాలమైన పెరడు. బురుజు లోపల ఒకే ఒక గది, వసుకేతును పడేసింది అందులోనే. కిటికీ లేదు. ఒక ఇనుప తలుపు, ఒక రాతి తిన్నె, చిరిగిన చాప. కప్పులోంచి దిగిన ఒక రాగి గొట్టం. తలుపుకెదురుగా ఉన్న గోడ మాత్రం అప్పుడే వలిచిన కోడిగుడ్డులా తెల్లటి సున్నంతో మెరిసిపోతోంది. అది ఖైదీల సుఖం కోరి కొట్టించిన సున్నం కాదని చూడగానే తెలుస్తుంది.

తలుపు పైన, గోడలో బిగించిన రాగిరేకు మధ్య, శనగగింజంత చోట ఏదో కళ్లు జిగేలుమనేలా వెలుగుతోంది.

"దానివైపు చూడకు!" అంది గొట్టంలోంచి ఒక గొంతు. "అది నా మూడో కన్ను. చూసినవాడి కళ్లు చితుకుతాయి. నువ్వు చూడవలసింది ఎదుటి గోడ. చూడు వసుకేతూ, ధూమ్రకేశుడు నీకోసం పాతాళం తలుపులు తెరిచాడు!"

వసుకేతు చూశాడు. చూసి, తిన్నె అంచు గట్టిగా పట్టుకున్నాడు.

తెల్లగోడ మీద మనుషులు నడుస్తున్నారు. జానెడేసి మనుషులు. కాళ్లు పైకి, తలలు కిందికి. నేల వాళ్ల పాదాల పైన ఉంది, నీలంగా ఆకాశం గోడ అడుగున ఉంది. ఒక ఆడమనిషి గబ్బిలంలా వేలాడుతూ చాప మీద వడియాలు పెడుతోంది, ఒక్క వడియమూ జారి కింద పడలేదు. ఒక కుక్క కాళ్లు మీదికి పెట్టి పరిగెత్తింది. రంగులున్నాయి, కదలిక ఉంది, చప్పుడు మాత్రం లేదు. ఆవగింజంత చప్పుడు కూడా లేదు.

వాళ్ల మధ్యకు వచ్చి నిలబడింది ఆకుపచ్చ చీర కట్టుకున్న స్త్రీ. వసుకేతు గోడ దగ్గరికి ఉరికాడు.

"అక్కా!"

ఆమె పలకలేదు.

"పాతాళంలో ఉన్నవాళ్లకు పిలుపు వినిపించదు" అంది గొంతు, దయగా. దొంగల దయ అలాగే ఉంటుంది. "రత్నకూటానికి సముద్రం అడుగు నుంచి ఒక రహస్య ద్వారం ఉంది. అది రాజు బిడ్డలకే తెలుసు. ఎక్కడుందో చెప్పు. మీ అక్క తల పైకి తిప్పుతాను. చెప్పకపోతే ఆమె అలాగే వేలాడుతుంది, నువ్వు చూస్తూ ఉంటావు."

వసుకేతు చెప్పలేదు. చెబితే ఆ ద్వారం గుండా మాంత్రికుడి సేన వస్తుంది, నిద్రపోతున్న ఊరు ఊరంతా ఖైదవుతుంది. అక్కను అలా వేలాడుతూ చూడలేక, తిన్నె మీద వెల్లకిలా పడుకుని, తన తలనే అంచు నుంచి కిందికి వేలాడేశాడు. అలా చూస్తే గోడ మీది లోకం నిటారుగా కనిపించింది. అక్క మామూలుగా నిలబడి ఉంది. బురుజు వైపే చూస్తోంది. మెల్లగా చెయ్యెత్తి, అరచెయ్యి చూపించింది.

ఎడమచెయ్యి.

రత్నకూటంలో ఎడమచెయ్యి చూపించడమంటే చిన్న సంగతి కాదు. శ్మశానం నుంచి ఇంటికి మళ్లేవాళ్లు చివరిసారి వెనక్కి తిరిగి, ఎడమ అరచెయ్యి చూపించి, నీకూ మాకూ చెల్లు అనుకుని దారి పడతారు. బతికున్నవాళ్లకు కుడిచెయ్యి, పోయినవాళ్లకు ఎడమ. మాటలు రాని పిల్లలకు కూడా అక్కడ ఆ తేడా తెలుసు. తల్లి పోయాక తనను చంకనెత్తుకుని పెంచిన అక్క, తన ఒక్కగానొక్క అక్క, తనకు ఎడమచెయ్యి చూపించి వెళ్లిపోయింది.

మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడూ అంతే. ఎండ నడినెత్తికి వచ్చే వేళ ఆమె వస్తుంది, చెయ్యెత్తుతుంది, పోతుంది.

ఒంటరితనానికి ఒక చెడ్డ గుణం ఉంది. అది ఎవరితోనైనా చుట్టరికం కలుపుతుంది. వసుకేతు గోడ మీది మనుషులకు పేర్లు పెట్టాడు. వడియాలు పెట్టేది సూరమ్మ, ఎప్పుడూ వీపు గోక్కునే లావుపాటి కాపలావాడు గోకర్ణుడు, కుక్క మంత్రిగారు. పొద్దున్నే వాళ్లు రాగానే పలకరించేవాడు. "సూరమ్మగారూ, నిన్నటివి ఎండాయా?" అనేవాడు. వాళ్లు భోజనానికి కూర్చుంటే తానూ తల వేలాడేసుకునే అంబలి తాగాలని చూసి పొరబోయి దగ్గేవాడు. అప్పుడే గమనించాడు: ఆ ఊరి జనమంతా ఎడమచేత్తో తింటున్నారు! పిల్లా పెద్దా అందరూ! ఒక్కళ్లకైనా సిగ్గు లేదు. పాతాళం కదా, ఆచారాలు కూడా తలకిందులే కాబోలని సరిపెట్టుకున్నాడు.

ఒకరోజు మబ్బు పట్టింది. గోడ మీద ఎవరూ రాలేదు. బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. ఆ రోజు వసుకేతు గోడకు ఆనుకుని కూర్చుని, కత్తి గాయాలకు కూడా ఏడవని వాడు, వడియాలు పెట్టే ఒక ముక్కూమొహం తెలియని మనిషి రాలేదని ఏడ్చాడు.

ఆ సాయంత్రమే గొట్టం పలికింది. "రేపు నీకు అంబలి వచ్చే వేళ దాకా గడువు. ఆ తర్వాత మీ అక్క గోడ మీద కూడా కనిపించదు."

తెల్లవారింది. ఎండ వచ్చింది, గోడ మీద సూరమ్మ వచ్చింది. వసుకేతు ఆవిడను పలకరించలేదు. నిర్ణయం అయిపోయింది. ఊరు ఊరంతటికీ వేరే దిక్కు దొరకవచ్చు, అక్కకు తను తప్ప ఎవరున్నారు? తనకు ఎడమచెయ్యి చూపించినా సరే, తనకు అక్కే. గొట్టం కింద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ధూమ్రకేశా! చెబుతాను. విను."

జవాబు లేదు.

"ధూమ్రకేశా! సముద్రద్వారం ఎక్కడుందో చెబుతానంటున్నాను!"

గొట్టంలో గాలి ఊదిన చప్పుడైంది. అంతే. ద్రోహం చేయడానికి మనసు రాయి చేసుకుని నిలబడితే, వినడానికి శత్రువు కూడా లేడు. వసుకేతు తిన్నె మీద కూలబడ్డాడు. ఇంతకన్నా ఒంటరితనం ఇంకేముంటుంది?

తలుపు గొళ్లెం కిర్రుమంది. లోపలికి వెలుగు పొంగింది, గోడ మీది జనం ఎప్పటిలాగే మాయమైపోయారు. తలుపంత మనిషి తలుపులోంచి దూరి, మళ్లీ మూసింది. ఆవిడ కావలి రాక్షసి లంబోష్ఠి. కింది పెదవి గడ్డం దాకా వేలాడుతుంది, చేతిలో అంబలి ముంత, చంకలో తన సద్దిమూట.

"ఒరే నరుడా, ఇదిగో నీ అంబలి. ఇవాళ ఇక్కడే కూర్చుని తింటానురా నేను కూడా. బయట పనిమీదున్నవాళ్లు తప్ప మనుషులెవరూ లేరు, ఒక్కదాన్నే తినాలంటే ముద్ద దిగి చావదు."

"ఎక్కడికి పోయారు మిగతావాళ్లంతా?"

"ఏమో, దొరతోపాటు రేవుకి పోయారు. నాకెవరు చెబుతారు?" అంటూ ఆవిడ గోడకు వీపు పెట్టి చతికిలపడింది. గోడవైపు చూడకుండా కూర్చోవడం ఆవిడకు అలవాటు. మూట విప్పి, తాటికాయంత ముద్ద కలిపి నోట్లో వేసుకుంది.

వసుకేతు ఊరికే చూస్తున్నాడు. ఎవరైనా తింటుంటే చూడడం కూడా ఒక తోడే. చూస్తూ చూస్తూ అన్నాడు:

"లంబోష్ఠమ్మా, మీరొక్కరే కుడిచేత్తో తింటున్నారే?"

రాక్షసి నమలడం ఆపింది. "అంటే?"

"మీ ద్వీపంలో అందరూ ఎడమచేత్తో కదా తింటారు. మీకు వేరే ఆచారమా అని..."

"ఎవడ్రా కూసింది?" ఆవిడ లేచిన ఊపుకి ముంతలో అంబలి ఒలికింది. "రాక్షసినే అనుకో, మనుషుల్ని తిన్నదాన్నే అనుకో, ఎప్పుడైనా ఎడమచెయ్యి పెట్టానట్రా? మా అమ్మ నన్నలా పెంచలేదు! ఈ ద్వీపంలో ఎడమచేత్తో తిన్నవాడు ఒక్కణ్ణి చూపించు, వాడి చెయ్యి విరిచి వాడికే వడ్డిస్తాను!"

"రోజూ చూస్తున్నాను. గోడ మీద. సూరమ్మ, గోకర్ణుడు, అందరూ..."

"పెరట్లో వడియాలు పెట్టేదాన్నా అంటున్నావు? దాని పేరు సూరమ్మ కాదు, కంకాళి. పక్కన కూర్చుని తిన్నదాన్ని, నాకు తెలీదూ? కుడిచేత్తోనే తింటుంది, నా వాటా కూడా."

వసుకేతు గోడవైపు తిరిగాడు.

"ఆ వడియాలావిడ పెరట్లో ఉందా? పాతాళంలో కాదా?"

"పాతాళంలో వడియాలెందుకురా, నీకు మతిపోయిందా?"

అతను దిగ్గున లేచాడు. రాక్షసి చేత రాతి తిన్నెను తలుపు దగ్గరికి జరిపించి పైకెక్కాడు. మాంత్రికుడి మూడో కన్ను ముఖానికెదురుగా భగ్గుమంటోంది. "వద్దురా, కళ్లు పోతాయి!" అని రాక్షసి మొహం కప్పుకుంది. వసుకేతు కళ్లు మూసుకుని, ముంత అడుగున మిగిలిన చిక్కటి అంబలి వేలితో తీసి, ఆ కంట్లో మెత్తాడు.

గది చిమ్మచీకటైంది. గోడ మీది ఊరు ఊరంతా ఆరిపోయింది.

చాపలోంచి పుల్ల ఒకటి లాగి అంబలిలో గుచ్చి తీశాడు. సూదిమొనంత కన్నం పడింది. ఊరు తిరిగొచ్చింది, మసకగానే కాని గీత గీసినంత స్పష్టంగా. వడియాలావిడ ముక్కుపుడక కూడా కనిపిస్తోంది. అంబలి మొత్తం ఊడ్చేశాడు. ఊరు ప్రకాశించింది, కాని అంచులన్నీ చెదిరి అలుక్కుపోయాయి. మళ్లీ అంబలి పెట్టాడు, మళ్లీ తీశాడు. కన్నం చిన్నదైతే బొమ్మ తేట, వెలుగు తక్కువ. పెద్దదైతే వెలుగు ఎక్కువ, బొమ్మ అలుకు. రాక్షసి వేళ్ల సందులోంచి ఇదంతా చూస్తోంది.

"దొర కంట్లో అంబలి పెట్టావు. ఇక నీ పని అయిపోయింది" అంది.

"ఇది కన్ను కాదు లంబోష్ఠమ్మా. రాగిరేకుకు పొడిచిన కన్నం. ఇందులో మంత్రం లేదు, రంధ్రం ఉంది!"

అతను పుల్లను ఆ రంధ్రంలో దూర్చి సగం బయటికి, సగం లోపలికి ఉంచాడు. "ఇటు చూడండి. ఈ పుల్ల బయటి కొస పెరటి నేలను చూపించాలంటే లోపలి కొస ఎటు లేస్తుంది?"

"మీదికి."

"బయటి కొస ఆకాశాన్ని చూపించాలంటే?"

"లోపలిది కిందికి దిగుతుంది. దిగకేం చేస్తుంది? పుల్ల వంగదుగా."

"వెలుగూ అంతే. వంగదు. దానికి వంకర నడక రాదు. నేల మీంచి వచ్చేది ఎక్కుతూ వచ్చి, ఈ ఇరుకులో దూరి, ఎక్కుతూనే పోయి గోడ పైన పడుతుంది. ఆకాశం నుంచి వచ్చేది దిగుతూ దూరి, దిగుతూనే పోయి గోడ అడుగున పడుతుంది. మధ్యలో ఉన్న మనుషులకు కాళ్లు పైకి, తలలు కిందికి! తలుపు పెద్దగా తీస్తే అన్నివైపుల వెలుగూ ఒకదాని మీద ఒకటి పడి బొమ్మ కొట్టుకుపోతుంది. మీరు వచ్చినప్పుడల్లా వాళ్లు పారిపోయేది మిమ్మల్ని చూసి కాదు."

"అయ్యో, నన్ను చూసేననుకున్నాను" అంది లంబోష్ఠి, కొంచెం నిరాశగా. "మరి ఎడమచెయ్యి?"

వసుకేతు తిన్నె మీద వెల్లకిలా పడుకుని తల వేలాడేశాడు. మళ్లీ లేచి చూశాడు. మళ్లీ పడుకున్నాడు. నవ్వు వచ్చింది. ఎన్నాళ్ల తర్వాతో వచ్చిన నవ్వు, ఆ గదిలో అతనికే కొత్తగా వినిపించింది.

"గోడ తప్పు కాదు, నాది. గోడ మీద తలకిందులైంది కింది-మీదులు మాత్రమే. నేను తల వేలాడేసి కింది-మీదులు సరిచేసుకున్నాను. కాని తలతోపాటు నా కుడి ఎడమలూ తిరిగిపోయాయి కదా! తలలు బాగుచేసుకోబోయి చేతులు చెడగొట్టుకున్నాను."

మాట పూర్తికాకుండానే నవ్వు ఆగిపోయింది. అయితే అక్క చూపించింది కుడిచెయ్యి. రోజూ కుడిచెయ్యే. బతికున్నవాళ్లకు చూపించే చెయ్యి. ఇంతకాలం పాతాళమంత దూరాన తనను విడిచేసిందనుకున్న మనిషి, ఈ తలుపుకు అవతల, తలుపు తీసి పిలిస్తే వినిపించేంత దూరంలో, నువ్వున్నావు, నేనున్నాను అని చెబుతూ ఎండలో నిలబడింది.

"నేన్నమ్మను" అంది లంబోష్ఠి. ఆవిడ గొంతు మారిపోయింది. "అదంతా నిజమైతే... కాదు, నమ్మను."

"పరీక్షించుకోండి. పెరట్లోకి వెళ్లి మీకు తోచింది చెయ్యండి. ఏం చేశారో నేను ఇక్కడినుంచి చెబుతాను."

ఆవిడ తలుపు మూసి వెళ్లింది. కాసేపటికి తిరిగొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "చెప్పు, ఏం చేశాను?"

"అటూ ఇటూ చూశారు. కంకాళి అటు తిరగగానే ఆవిడ చాప మీంచి గుప్పెడు వడియాలు కుడిచేత్తో తీసి నోట్లో వేసుకున్నారు. మిగిలినవి దగ్గరికి జరిపి ఖాళీ కనపడకుండా సర్దారు."

లంబోష్ఠి నోట్లో ఇంకా ఉన్న వడియం చప్పుడు కాకుండా మింగింది. తర్వాత మెల్లగా కూర్చుండిపోయింది. అంత మనిషీ ఉన్నట్టుండి చిన్నదైపోయినట్టు కనిపించింది.

"నన్ను కూడా ఈ గదిలోనే పెట్టాడురా మొదట" అంది. "గోడ మీద మా అమ్మ వేలాడుతోందన్నాడు. ఒక ముసలి రాక్షసి తల దువ్వుకుంటూ కనిపించింది. కొలువు చేస్తే తల పైకి తిప్పుతానన్నాడు. అప్పట్నుంచీ చేస్తున్నాను. మళ్లీ గోడవైపు చూడలేదు, చూడలేక." కళ్లు తుడుచుకుంది. "మా అమ్మకి పై వరసలో పళ్లు లేవు. గోడ మీదావిడకి అన్నీ ఉన్నాయి. పాతాళంలో పళ్లు మొలుస్తాయి కాబోలు అనుకున్నానురా అబ్బాయ్. అనుకుని సంతోషించాను."

వసుకేతు తిన్నె దిగి వచ్చాడు. ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కాసేపు గోడ మీద వడియాలు ఎండడం చూశారు.

అప్పుడే ఆకుపచ్చ చీర వచ్చి నిలబడింది. చెయ్యెత్తింది.

"లంబోష్ఠమ్మా, తలుపు!"

"తలుపా?" రాక్షసి లేచింది. "తియ్యడమెందుకు, తెచ్చుకుంటాను." రెండు చేతులా పట్టుకుని ఒక్క పెకలింపుతో ఇనుప తలుపును బందులతో సహా ఊడబెరికి చంకన పెట్టుకుంది.

పెరట్లో ఎండ కత్తిలా గుచ్చుకుంది. కళ్లు చిట్లించుకుంటూనే వసుకేతు పరిగెత్తాడు. చారుహాస చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది.

"వసూ? ఒరే, నువ్వేనా? తలకిందులుగా లేవే!"

"పరిగెత్తక్కా! ఎందుకు లేనో తర్వాత చెబుతాను!"

గోకర్ణుడు వీపు గోక్కోవడం మాని కొమ్ము ఊదాడు. కోటగోడ మీంచి బాణాలు వచ్చాయి, లంబోష్ఠి తలుపు అడ్డం పెట్టింది, వానచినుకుల్లా టంగుటంగుమని రాలిపోయాయి. కందకం మీది వంతెన కొసన ఈటెలు పట్టుకుని భటులు బారులు తీరారు. "ఇటు కాదు!" అంటూ ఆవిడ కందకం వైపు తిరిగి, తలుపును గిరగిర తిప్పి విసిరింది. అది ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ మధ్య దబ్బున పడింది. కింద ఒక మొసలి నోరు మూయడం మరిచిపోయింది. అక్కాతమ్ముళ్లు దాని మీదుగా ఉరికారు. వెనక రాక్షసి అడుగు పెట్టగానే తలుపు విల్లులా వంగింది, ఆవిడ దాటగానే దాన్ని కాలితో కందకంలోకి తన్నింది. వెంటపడి వచ్చిన మొదటి భటుడు గట్టు అంచున నిలబడిపోయి, మొసళ్లను చూసి, మర్యాదగా వెనక్కి తగ్గాడు.

మొగలిపొదలు చీల్చుకుని, ఇసుకదిబ్బలు దాటి, ముగ్గురూ సముద్రం ఒడ్డుకు వచ్చి పడ్డారు. ఒక చేపలవాడు వదిలేసిన తోలుపుట్టి ఒకటి అలల్లో ఊగుతోంది. మాంత్రికుడి భటుడెవడో ఆరేసుకున్న నల్లకంబళి దాని అంచున వేలాడుతోంది. ఇంకో ప్రాణి కనుచూపు మేరలో లేదు.

వసుకేతు అక్క చేతులు పట్టుకుని, రంధ్రం సంగతి, వెలుగు సంగతి, పుల్ల సంగతి ఒక్క గుక్కలో చెప్పాడు. "నేనెంత పిచ్చివాణ్ణో చూడక్కా. పొద్దున్న సముద్రద్వారం సంగతి చెప్పేద్దామని పిలిచాను కూడా. వాడు పలికితే కొంప మునిగిపోయేది. ఎందుకో పలకలేదు!"

చారుహాస నవ్వలేదు. చేతులు విడిపించుకుంది.

"ఎందుకు పలకలేదో నాకు తెలుసు వసూ. నిన్ను వలలో పట్టిన రోజు నన్ను వీధి పక్కన ఒక చీకటిగదిలో కూర్చోబెట్టాడు. గోడ మీద నువ్వు కనిపించావు. తలకిందులుగా, వలలో, మీసం వేలాడుతూ. పాతాళానికి పోయావన్నాడు. ఆ బురుజే దానికి వాకిలి, రోజూ వచ్చి నిలబడితే నీకింత కూడు పెడతానన్నాడు. నిలబడ్డాను. ఇవాళ పొద్దున్న..." ఆమె సముద్రం వైపు తిరిగింది. "నీకంటే ఒక ఘడియ ముందు ద్వారం సంగతి నేను పలికాను. వాడికి ఇక నీతో పనేముంది?"

దిగంతం దగ్గర నల్లతెరచాపలు బారులుగా కదులుతున్నాయి. గాలి వాటిని రత్నకూటం వైపే నెడుతోంది.

 ఏమైనా అనడానికి వసుకేతుకు హక్కు లేదు. ఒక ఘడియ తేడా, అంతే.

"నువ్వు మొదట చెప్పి ఉంటే నేను నిన్ను తిట్టేదాన్ని" అంది చారుహాస.

"తెలుసు."

"తెలిస్తే పుట్టి ఎక్కు. అందులో ఒక్కరే పడతారు. నాకు తెడ్డు వెయ్యడం రాదు. ఈవిడ ఎక్కితే సముద్రమే ఎక్కివస్తుంది."

"నిన్ను ఇప్పుడే కదా చూశాను..."

"చూశావుగా. ఇక వెళ్లు. ద్వారం నోటితో తెరిచినదాన్ని నేను, చేతులతో మూయవలసినవాడివి నువ్వు."

లంబోష్ఠి నల్లకంబళి తీసి వసుకేతు తల మీదుగా కప్పింది. "ఇది కప్పుకుంటే ఆ ఓడలవాళ్లు నిన్ను తమవాడే అనుకుంటారు. మీ అక్కకేం భయం లేదురా. నాకెవరున్నారు గనక, ఈమెనే చూసుకుంటాను. ఈ దిబ్బల్లో ఎవడైనా కాలుపెట్టాడా, కుడిచేత్తోనే తింటాను." వెనక మొగలిపొదల్లో కొమ్ముల మోత దగ్గరపడుతోంది. ఆవిడ పుట్టిని ఒక్క తోపు తోసింది. అలలు దాన్ని అందుకున్నాయి.

వసుకేతు తెడ్డు వేస్తూనే ఉన్నాడు. ఒడ్డు పలచబడి, గీతై, పోయింది. ఒక ఆకుపచ్చ చుక్క కొంతసేపు కనిపించింది, తర్వాత అదీ లేదు. నాలుగు పక్కలా నీళ్లు, పైన ఎండ. బురుజులో గోడ మీదైనా ఎవరో ఒకరు ఉండేవారు. ఇక్కడ పలకరించడానికి కుక్క కూడా లేదు. చేతులు బొబ్బలెక్కాయి, బొబ్బలు పగిలాయి. సూర్యుడు పడమటికి వాలేసరికి గాలి పడిపోయి అన్నిటికన్నా వెనకబడిన ఓడ అంచు, ఒక నల్లకొండలా, అతని మీదికి ఒరిగింది.

పైనుంచి ఒక తల తొంగిచూసింది.

"ఎవడ్రా అది? రేవులో వెనకబడిపోయావా?"

వసుకేతు కంబళి ముందుకు లాక్కుని చెయ్యెత్తాడు.

"ఒక్కడివేనా, ఇంకెవరైనా ఉన్నారా?"

అతను ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. సముద్రం తప్ప ఏమీ లేదు.

"ఒక్కణ్ణే" అన్నాడు.

పైనుంచి తాళ్ల నిచ్చెన జారి వచ్చి, అతని మొహానికెదురుగా ఊగింది. వసుకేతు తెడ్డు వదిలేసి దాన్ని అందుకున్నాడు.